సెయింటు జార్జి కోటలోని చర్చి

చెన్నపట్టణమున సముద్రపుటొడ్డున సెయింటు జార్జి కోట కలదు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు సర్కారు జిల్లాల పాలనయు, రాయలసీమ పాలనయు ఆ కోటనుండియే సాగెను. ఏ తాలూకాకు ఎంత శిస్తు కట్టవలెను, ఏ జిల్లాకు ఎవరు కలెక్టరుగా రావలెను అను విషయములు అక్కడనే తేలుచుండెడివి. కావున ఆ కోట పేరు మన తాతముత్తాతలకు సుపరిచితమైనదే. కాని ఆ కోటలో, కచేరీల నడుమ, తెల్లని శిఖరముతో ఒక చర్చి నిలిచియున్నదనియు, రాయలసీమ రైతులు తమ బిడ్డలకు పేరుగా పెట్టుకొన్న ఒక దొర ఆ చర్చిలో శాశ్వతనిద్ర పొందుచున్నాడనియు ఎరిగినవారు మాత్రము కొలదిమందియే. సెయింటు మేరీ చర్చి యను ఆ కట్టడముయొక్క కథను ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

ఇది ఆంగ్లికను సంప్రదాయమునకు చెందిన పారిషు చర్చిగా పుట్టినది. పారిషు అనగా ఏమో మొదట చెప్పుకొందము. ఇంగ్లండుదేశమున ఒక గురువుయొక్క ఆధ్యాత్మిక పాలనలోనుండు పల్లెకుగాని, పట్టణభాగమునకుగాని పారిషు అని పేరు. అచ్చటి చర్చిలోనే బిడ్డలకు బాప్తిస్మము, వయసువచ్చినవారికి వివాహము, గతించినవారికి భూస్థాపనము జరుగును. ఈ మూడింటిని ఒక రిజిష్టరులో వ్రాసియుంచవలెనని 1538లో ఆ దేశమున శాసించిరి. మన గ్రామములలో కరణము చిట్టా అడంగళ్లను వ్రాసెడివాడు. అది పొలమునకు లెక్క. పారిషు రిజిష్టరు మనిషికి లెక్క. ఆంగ్లేయులు మనదేశమునకు వచ్చునపుడు త్రాసులను, ఫిరంగులను మాత్రమే తేలేదు. ఈ లెక్కపుస్తకమును గూడ వెంట తెచ్చుకొనిరి.

వారు ఈ తీరమున మొదట స్థిరపడినది చెన్నపట్టణమున కాదు, మన మచిలీపట్టణమున. 1611లో అక్కడ వారి వర్తకస్థానము ఏర్పడినది. పిదప నెల్లూరుసీమలోని దుర్గరాజపట్టణమున మరియొక స్థానమును ఏర్పరచుకొనిరి. అక్కడి వర్తకమున లాభము కొరవడగా, ఫ్రాన్సిసు డే అను కంపెనీ ఉద్యోగి దక్షిణమునకు వచ్చి 1639లో దామర్ల వేంకటాద్రి నాయకునివలన సముద్రతీరపు ఇసుకనేలను కొంత సంపాదించెను. ఆ నాయకుని తండ్రియగు చెన్నప్ప పేరుననే చెన్నపట్టణమను పేరు వచ్చినదని ప్రసిద్ధి. అనగా ఆ నగరముయొక్క పుట్టుకలోనే తెలుగు ప్రభువుల పేరు ఇమిడియున్నది. కంపెనీవారి కాగితములలో తెలుగువారిని జెంటూలని వ్రాసెడివారు. కోటకు వెలుపల వెలసిన పట్టణమున జెంటూ వర్తకులును, దుబాసీలును పెక్కురుండిరి.

కోట వెలసిన తరువాత సుమారు నలువది సంవత్సరములవరకు ఆంగ్లేయులకు అందు ప్రత్యేకమైన చర్చి లేకుండెను. కోటలోని ఒక గదిలోనే ప్రార్థనలు జరుపుకొనెడివారు. 1678లో స్ట్రైన్షాం మాస్టరు అను ఆయన అధికారమునకు వచ్చెను. మాస్టరు క్రమశిక్షణ కలవాడు, లెక్కలయందు ఖచ్చితమైనవాడు. మచిలీపట్టణపు వర్తకస్థానమును తనిఖీచేయుటకై 1676లోను, మరల 1679లోను మన ఆంధ్రతీరమునకు ప్రయాణముచేసి దినచర్య వ్రాసియుంచినవాడు. ఆయన లండనులోని డైరెక్టర్లు ధనము పంపుదురని వేచియుండలేదు. కోటలోని ఉద్యోగులను, సైనికాధికారులను పిలిచి చందాపుస్తకము తెరచెను. తాను 100 వరహాలు వేసి మొదట సంతకము చేసెను. మొత్తము చందాలు 800 వరహాలను మించినవి. 1678 మార్చి 25వ తేదీన, మేరీమాతకు సంబంధించిన పండుగనాడు, పని ప్రారంభమైనది. ఆ పండుగనుబట్టియే చర్చికి ఆమె పేరు వచ్చినదని చెప్పుదురు.

ఈ చర్చి నిర్మాణమున ఒక విశేషము కలదు. ఇది ప్రార్థనామందిరమే యైనను యుద్ధమును తలపోసి కట్టబడినది. వెలుపలి గోడలు సుమారు నాలుగడుగుల మందము. కప్పునకు దూలములు, వాసములు లేవు. ఇటుకను, సున్నమును చేర్చి, గుమ్మటమువలె వంచి, ఫిరంగిగుండు పడినను చెక్కుచెదరని విధమున పోసిరి. కొయ్య లేకపోవుటచే చెదపురుగు భయము లేదు, అగ్నిభయము లేదు, తుపానునకు లేచిపోవునను భయమును లేదు. లోపలిగోడలకు చెన్నపట్టణపు గచ్చు పూసిరి. సముద్రపు గవ్వలను కాల్చి, ఆ సున్నమును మెత్తగా నూరి, పూసి, మెరుగుపెట్టినచో అది చలువరాతివలె తళతళలాడును. ఆ విద్య మన తీరపు తాపీపనివారిది. చందా వేసిన దొరల పేర్లు కాగితముపై నిలిచినవి. ఎండలో గవ్వలు కాల్చినవారి పేర్లును, తట్టలు మోసిన స్త్రీల పేర్లును ఎవరును వ్రాసియుంచలేదు.

ఆ వరహాలు ఎచ్చటనుండి వచ్చినవో గూడ ఆలోచింపవలెను. కంపెనీవారి వర్తకమునకు ప్రాణము మన చేనేత. తెల్లని నూలుబట్టలును, అద్దకపు కలంకారీ బట్టలును ఓడలకెక్కి సముద్రములు దాటుచుండెను. నేతగాండ్రకు అడ్వాన్సు సొమ్ము పంచి బట్ట సేకరించి కోటకు తెచ్చి యిచ్చు ప్రధాన వర్తకులలో బేరి తిమ్మన్న, కాశీ వీరన్న అను తెలుగువారు ముఖ్యులు. కాశీ వీరన్న పేరును ఆంగ్లేయులు కాసా వెరోనా అని తమ నోటికి అనుకూలముగా మార్చుకొనిరి. చర్చి పూర్తియైన 1680వ సంవత్సరముననే ఆయన మరణించెను. ఆ గోడలలోని ప్రతి ఇటుకకును వెనుక ఒక మగ్గపు చప్పుడు ఉన్నదన్నచో అతిశయోక్తి కాదు.

1680 అక్టోబరు 28వ తేదీన చర్చి ప్రతిష్ఠ జరిగినది. లండను బిషప్పువలన అధికారపత్రము తెప్పించి, రిచర్డు పోర్టుమను అను చాప్లెను ఆ కార్యమును నెరవేర్చెను. కోటలోని సైనికులు తుపాకులు పేల్చిరి. బురుజులపై ఫిరంగులు మ్రోగెను. నేడు భారతదేశమున నిలిచియున్న ఆంగ్లేయుల కట్టడములలో అతి ప్రాచీనమైనది ఇదియే యని చరిత్రకారులు చెప్పుచున్నారు. సూయజునకు తూర్పున ఇంతకంటె పాత ఆంగ్లికను చర్చి లేదు.

ప్రతిష్ఠ జరిగిన వారము దినములకే, నవంబరు 4వ తేదీన, అందు మొదటి వివాహము జరిగెను. వరుడు ఎలిహూ యేలు, వధువు కేథరిను హిన్మర్సు అను వితంతువు. ఈ యేలు 1687లో గవర్నరై, 1692వరకు ఆ పదవిలోనుండెను. పిదప 1718లో అమెరికాలోని ఒక చిన్న విద్యాలయమునకు పుస్తకములను, వస్తువులను దానము చేయగా, కృతజ్ఞతతో దానికి ఆయన పేరే పెట్టిరి. అదియే ఇప్పటి యేలు విశ్వవిద్యాలయము. ఒక దానమువలన ఆయన పేరు ప్రపంచమంతట వ్యాపించినది. కాని ఆయన కాలముననే ఈ తీరమునుండి బానిసలను ఓడలకెక్కించినట్లు కోట రికార్డులే చెప్పుచున్నవి. కరవునకు తాళలేక అమ్ముడుపోయిన ఆ దీనుల పేర్లను ఏ రిజిష్టరు వ్రాసికొన్నది?

ఆ రిజిష్టరు పుటలను మరికొంత త్రిప్పుదము. 1689లో ముగ్గురు బాలికలకు బాప్తిస్మము జరిగినట్లు అందు కలదు. మేరీ, ఎలిజబెత్తు, కేథరిను అని వారి పేర్లు. తండ్రి జాబు చార్నాకు. మరుసటి సంవత్సరము హుగ్లీనది యొడ్డున కలకత్తాలో ఆంగ్లేయుల స్థానమును నెలకొల్పినవాడు ఇతడే. ఆ బాలికల తల్లి భారతీయ స్త్రీ. ఆమెను సహగమనపు చితినుండి చార్నాకు తప్పించెనని ఒక కథ ప్రచారమున ఉన్నది. కథ మిగిలినది, తండ్రి పేరు మిగిలినది, బిడ్డల పేర్లు మిగిలినవి. తల్లికి ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరును మాత్రము చరిత్ర నిలుపుకొనలేదు. మనుష్యులకు లెక్క వ్రాయుటకే పుట్టిన పుస్తకమున గూడ ఇట్టి ఖాళీస్థలములు ఉన్నవి.

అయినను ఈ చర్చివారు చేసిన మేలును మరువరాదు. చర్చి వ్యవహారములను చూచుటకు వెస్ట్రీ యను పెద్దల సంఘము ఉండెడిది. చందాలవలనను, కానుకలవలనను చేరిన నిధిని వడ్డీకి త్రిప్పి, వితంతువులకును, అనాథలకును సాయము చేసెడివారు. 1715లో సెయింటు మేరీ ధర్మపాఠశాలను స్థాపించిరి. తండ్రిని పోగొట్టుకొన్న సైనికుల బిడ్డలకు అందు భోజనము పెట్టి, చదువును, లెక్కలను నేర్పిరి. ఆ పాఠశాలయే పెక్కు మార్పులు పొంది, నేడు చెన్నైలో సెయింటు జార్జి పాఠశాల పేరుతో సాగుచున్నది.

ఇక యుద్ధముల సంగతి. 1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొనిరి. సంధి ప్రకారము 1749లో తిరిగి ఇచ్చివేసిరి. 1758 డిసెంబరులో లాలీ సేనాని మరల వచ్చి ముట్టడించెను. 1759 ఫిబ్రవరివరకు గుండ్లవాన కురిసినది. కోటలోని ఇండ్లు పెక్కు దెబ్బతిన్నవి. ఎనుబది యేండ్లకు పూర్వము దూరదృష్టితో పోసిన చర్చికప్పు మాత్రము నిలిచినది. కోట వెలుపల ఆంగ్లేయుల పాత శ్మశానము ఉండెను. అందలి ఎత్తైన సమాధుల చాటున దాగి ఫ్రెంచి సైనికులు కోటపై కాల్పులు జరిపిరి. అందుచే ముట్టడి తొలగిన వెంటనే, యేలు కుమారుని సమాధివంటి ఒకటిరెండు తప్ప, తక్కినవానిని పడగొట్టి, పేర్లు చెక్కిన రాతిపలకలను మాత్రము తెచ్చి చర్చి ఆవరణమున నేలకు పరచిరి. పిదప హైదరాలీతో యుద్ధము వచ్చినపుడు ఆ పలకలనే పెకలించి ఫిరంగులకు ఆధారముగా వాడుకొనిరి. యుద్ధము ముగిసినపిమ్మట మరల తెచ్చి, వరుస వావి లేక పరచిరి.

కావున నేడు ఆ ఆవరణమున నడచువారి పాదములక్రింద నూరింటికి పైగా రాతిపలకలు కలవు. ఇంగ్లీషు మాత్రమే కాదు, లాటిను, పోర్చుగీసు, ఆర్మీనియను లిపులు గూడ అందు కనబడును. వానిలో అన్నింటికంటె పాతది ఎలిజబెత్తు బేకరు అను స్త్రీది, 1652 నాటిది. ఆమె ఇచ్చటి ప్రెసిడెంటుగా వచ్చిన ఆరను బేకరు భార్య; భర్తతో ఓడలో వచ్చుచు దారిలోనే కన్నుమూసెను. భారతదేశమున ఆంగ్లేయుల శిలాశాసనములలో ఇదియే ప్రాచీనతమమని చెప్పుదురు. చిత్రమేమనగా ఈ రాళ్లక్రింద ఎవరును లేరు. దేహములు ఒకచోట, పేర్లు మరియొకచోట. పేరునుగూడ యుద్ధము తన పనికి వాడుకొన్నది.

చర్చి లోపలికి పోయినచో మరికొన్ని ప్రసిద్ధమైన పేర్లు కనబడును. 1753 ఫిబ్రవరి 18వ తేదీన రాబర్టు క్లైవు మార్గరెట్టు మస్కిలీనును ఇందే వివాహమాడెను. గవర్నరు పిగటు కథ వేరు. 1776లో ఆయన సభ్యులే ఆయనను పదవినుండి దించి నిర్బంధించిరి. నిర్బంధముననే 1777లో మరణించి ఇందు భూస్థాపితుడయ్యెను. నిన్నటి ఏలిక నేటి ఖైదీ యగుట ఈ కోటలోనే జరిగినది. తంజావూరున సేవచేసి 1798లో గతించిన జర్మను మిషనరీ ష్వార్టుజునకు జాను బేకను కుమారుడు చెక్కిన చలువరాతి శిల్పము ఇందు కలదు. హైదరాలీయొద్దకు రాయబారిగా పంపదగినవాడెవడని కంపెనీవారు యోచించి, ఆయుధము పట్టని ఈయననే 1779లో పంపిరి.

ఇన్ని పేర్లలో తెలుగువారికి దగ్గరైన పేరు సర్ థామసు మన్రో. ఆయన 1761లో గ్లాస్గో నగరమున జన్మించి, 1780లో సామాన్య సైనికోద్యోగిగా చెన్నపట్టణమున దిగెను. 1800లో నిజాము బళ్లారి, కడప మొదలగు సీమలను కంపెనీకి ఇచ్చివేయగా, వానికి దత్తమండలములని పేరు వచ్చెను. 1928 నుండి మనము రాయలసీమ యనునది ఆ ప్రాంతమునే. దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరై, ఏడు సంవత్సరములు గుడారములలో తిరుగుచు గ్రామగ్రామమును చూచెను. పొలములను కొలిపించి, రైతుకును సర్కారునకును నడుమ మధ్యవర్తి లేని రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. నిర్ణయించిన శిస్తు అధికముగానున్నదనియు, దానిలో నాలుగవవంతు తగ్గింపవలెననియు 1807లో పైవారికి వ్రాసెను. అప్పుడు వారు వినలేదు. 1820లో తానే గవర్నరైన పిమ్మట ఆ తగ్గింపు అమలునకు వచ్చెను. భారతీయులను ఉన్నతోద్యోగములకు దూరముగా ఉంచుట అన్యాయమని ఆయన 1824లో వ్రాసిన మినిట్సు ప్రసిద్ధము.

ఆయనను కేవలము దయామయునిగా చిత్రించుట సత్యము కాదు. పాలెగాండ్ర బలమును ఆయన నిర్దాక్షిణ్యముగా అణచెను. వంశపారంపర్యముగా వచ్చిన పాళెములు పెక్కు పోయినవి. ఆయన పరప్రభుత్వపు సేవకుడు. ఆ ప్రభుత్వమునకు శిస్తు వసూలుచేయుటయే ఆయన వృత్తి. ఐనను తమ మొర వినుటకు తమ పొలము గట్టువరకు వచ్చిన అధికారిని సీమ రైతు మరువలేదు. బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలయ్య యని పేరు పెట్టుకొనిరి. అప్ప యనియు, అయ్య యనియు చేర్చి ఆ స్కాట్లండు పేరును తమ ఇంటిపేరువలె చేసికొనిరి.

1827లో ఉద్యోగమునుండి విరమించి స్వదేశమునకు మరలబోవుచు, ఒక్కసారి దత్తమండలములను చూచి రావలెనని మన్రో బయలుదేరెను. అప్పుడు ఆ సీమలో వాంతిభేది వ్యాపించియుండెను. జూలై 6వ తేదీన పత్తికొండలో ఆ వ్యాధియే ఆయనను కబళించెను. గుత్తిలో భూస్థాపనము చేసిరి. 1831లో ఆ అవశేషములను చెన్నపట్టణమునకు తెచ్చి సెయింటు మేరీ చర్చిలో ఉంచిరి. గుత్తిలో ఆయన పేర సత్రము వెలసినది. పత్తికొండలో తోటయు బావియు వెలసినవి. చలువరాయి చర్చిలో ఉన్నది. దాహము తీర్చు జ్ఞాపకము సీమలో మిగిలినది.

1947 ఆగస్టులో ఆంగ్లేయ ప్రభుత్వము వైదొలగెను. అదే సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీన దక్షిణదేశపు ఆంగ్లికను సంఘములు ఇతర సంఘములతో కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడినవి. నాటినుండి సెయింటు మేరీ చర్చి ఆ సంఘమునకు చెందినది. ఫిరంగులు మ్రోగ ప్రతిష్ఠ పొందిన చర్చిలో నేడు ఈ దేశపు ప్రజలే ఆరాధన జరుపుకొనుచున్నారు. ఏలినవారు పోయిరి, వారి లెక్కపుస్తకమును, గచ్చుగోడలును మనకు దక్కినవి. వానిని కాపాడుట పరపాలనను పొగడుట కాదు. మన తాపీవాని చేతిపనియు, మన నేతగాని కష్టమును అందున్నవి గనుక అవి మనవియును.

ఈ చర్చి కథ మనకు ఒక మాట చెప్పుచున్నది. రాతిపై చెక్కినంతమాత్రాన పేరు నిలువదు; ఆ రాయి ఫిరంగిక్రింద దిమ్మె కావచ్చును. జనుల నోట పడిన పేరు రాయి లేకున్నను నిలుచును. కాని వ్రాయని పేరు, పలుకని పేరు రెండును నశించును. గచ్చు పూసిన మేస్త్రీ, ఓడకెక్కిన బానిస, మూడు బిడ్డల తల్లి అట్లు నశించినవారే. మన గ్రామములలో గుడిమెట్లపై అరిగిపోవుచున్న శాసనములు, మసీదు గోరీలపై పేర్లు, పాత చర్చిల రిజిష్టరులు, కరణముల కట్టలు నేటికిని ఎన్నియో ఉన్నవి. చెరువు త్రవ్విన ఒడ్డె మేస్త్రీ పేరు ఏ అవ్వకో జ్ఞాపకముండవచ్చును. ఆ అవ్వ ఉండగానే అడిగి ఒక కాగితముపై వ్రాసియుంచుట మనలో ఎవరికైనను సాధ్యమే. దానికి వరహాలు అక్కరలేదు. మనిషికి లెక్క వ్రాయుట దొరలు తెచ్చిన ఆచారమైనను, ఎవరిని ఆ లెక్కలో చేర్చవలెనో నిర్ణయించుట ఇప్పుడు మన చేతిలో ఉన్నది.